ఎక్స్‌రేలో కనిపించని తిమ్మిరి

కాలు విరిగి మంచానపడినవారిని చూడడానికి వచ్చేవారు మా కోనసీమలో ముందుగా అడిగేది "ఎముక అతికిందా?" అనే. అతికిందని చెప్పగానే వచ్చినవారి ముఖమూ, ఇంటివారి ముఖమూ తేటపడతాయి. పాదం మీద ఇంకా స్పర్శ తెలియడం లేదని, వేళ్ళ దగ్గర చీమలు పాకినట్టు ఉంటోందని చెబితే మాత్రం అందరూ ఒకే సమాధానం ఇస్తారు: "అదే పోతుందిలే." చుట్టాలు చెప్పినా, ఊళ్ళో ఆర్‌.ఎం.పి. డాక్టరు చెప్పినా, పట్నంలో ఎముకల డాక్టరుగారు చెప్పినా ఆ మాట వెనక ఉన్నది రోగికి ధైర్యం చెప్పాలన్న మంచి ఉద్దేశమే. చాలామంది విషయంలో అది నిజం కూడా అవుతుంది. అయితే ఎవరి విషయంలో నిజమవుతుందో, ఎవరి విషయంలో కాదో తేల్చుకోకుండా అందరికీ ఒకే మాట చెప్పి పంపడం వైద్యం అనిపించుకోదని నా వాదన. తిమ్మిరి పాదంలో ఏ మేర ఉందో, ఎప్పుడు మొదలైందో, పెరుగుతోందో తగ్గుతోందో ఎవరో ఒకరు చేత్తో తాకి చూసి, తేదీ వేసి కాగితం మీద రాయాలి. ఆ రాత లేనప్పుడు "పోతుంది" అనడానికి ఆధారమేమీ ఉండదు.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. వానాకాలంలో కాలవగట్టు మీద మోటారుసైకిలు జారి నా కుడి చీలమండ రెండువైపులా విరిగింది. ఆపరేషను చేసి బయటివైపు ఎముకకు ప్లేటు, లోపలివైపు స్క్రూలు వేశారు. ఆపరేషను బాగా జరిగింది, ఎముక కూడా అనుకున్న గడువుకే అతికింది. కాని చీలమండ ముందు నుంచి మధ్యవేళ్ళ మొదళ్ళ దాకా పాదం పైభాగంలో దుప్పటి తగిలినా, ఈగ వాలినా తెలిసేది కాదు. చూపించుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ ఫిల్మును వెలుగుకు ఎత్తిపట్టి చూశారు గాని పాదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తిమ్మిరి సంగతి ఎత్తినప్పుడల్లా విటమిను మాత్రలు రాసి పంపారు. ఆ తరవాత ఫిజియోథెరపీ చేయించిన ఒక అమ్మాయి నన్ను కళ్ళు మూసుకోమని, దూది పోగుతో పాదమంతా ఒక వరసలో తాకుతూ, ఎక్కడ తెలుస్తోందో ఎక్కడ తెలియడం లేదో అడిగి, ఆ సరిహద్దు వెంట పెన్నుతో గీత గీసింది. "దీన్ని ఫోటో తీసి దాచుకోండి. వచ్చే నెల మళ్ళీ గీద్దామండి. గీత లోపలికి జరిగి ఈ మేర చిన్నదైతే నరం కోలుకుంటున్నట్టేనండి," అంది. దూదితో, పెన్నుతో అయిపోయే ఈ పరీక్ష అంతకుముందే ఎందుకు జరగలేదన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

1895 నవంబరు 8న జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను గుర్తించిన నాటి నుంచి విరిగిన ఎముకను కోయకుండానే చూసే వీలు వైద్యులకు కలిగింది. అది గొప్ప మేలు. కాని ఆ ఫిల్ములో ఎముక తెల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది, ఎముకను ఆనుకుని పోయే నరం అసలు కనిపించదు. దానితో వైద్యమూ, ఖర్చూ, మాటలూ అన్నీ కంటికి కనిపించే ఎముక చుట్టూనే తిరుగుతాయి. పాదానికి వెళ్ళే నరాల్లో ముఖ్యమైనది ఒకటి మోకాలి కింద, బయటివైపు, పిక్కలోని సన్నని ఎముక మెడ చుట్టూ తిరిగి కిందికి దిగుతుంది. అక్కడ దానికి అడ్డుగా చర్మం తప్ప పెద్దగా కండ ఉండదు. సిమెంటు కట్టు పై అంచు ఆ చోట ఒత్తినా, కదల్చలేని కాలు మంచం మీద బయటికి వాలిపోయి ఆ చోటు గంటల తరబడి నొక్కుకుపోయినా ఆ నరం దెబ్బతినవచ్చు. అప్పుడు విరిగిన ఎముక చీలమండ దగ్గర, నలిగిన నరం మోకాలి దగ్గర, తిమ్మిరి పాదం మీద ఉంటాయి. విరిగిన చోటునే చూస్తూ ఉంటే ఈ మూడింటికీ ఉన్న సంబంధం ఎన్నటికీ అర్థం కాదు.

అందుకే తిమ్మిరి ఎక్కడ ఉందన్నది అన్నిటికన్నా ముందు తేలాలి. పాదం పైభాగంలో ఎక్కువ మేర మొద్దుబారితే అది సాధారణంగా పిక్క బయటివైపు పైపైన దిగివచ్చే నరానిది. చీలమండ బయటివైపు ప్లేటు వేసేటప్పుడు కోతకు దగ్గరలో ఉండేది అదే. బొటనవేలికీ దాని పక్కవేలికీ మధ్య ఉన్న చిన్న సందులో మాత్రమే స్పర్శ పోతే అది పిక్క ముందుభాగంలో లోతుగా పోయే నరానిది. పాదాన్నీ వేళ్ళనూ పైకెత్తే కండరాలను నడిపేది ఆ నరమే కాబట్టి ఆ సందు ఎంత చిన్నదైనా దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చిటికెనవేలి వైపు అంచు మొద్దుబారితే పిక్క వెనక నుంచి వచ్చే నరాన్నీ, లోపలి చీలమండ చుట్టూ మొద్దుబారితే తొడ నుంచి దిగివచ్చే మరో నరాన్నీ చూడాలి. అరికాలు మొద్దుబారడం వీటన్నిటికన్నా గట్టిగా పట్టించుకోవలసిన సంగతి, ఎందుకంటే ఒంటి బరువంతా పడే చోటు అదే. రెండు పాదాలూ మేజోళ్ళు తొడిగినంత మేర సమానంగా మొద్దుబారి ఉంటే మాత్రం కారణం ఎముక విరగడం కాకపోవచ్చు. షుగరు వ్యాధి గాని, బి12 లోపం గాని, తాగుడు గాని అంతకుముందే నరాలను పాడుచేసి ఉండవచ్చు, మంచం మీద పడుకున్న తీరికలో అది ఇప్పుడు తెలిసివచ్చి ఉండవచ్చు. ఇన్ని రకాలుగా ఉండగలిగిన బాధకు "తిమ్మిరి" అని ఒక్క మాట చీటీ మీద రాసి వదిలేయడం ఎంత అసమగ్రమో వేరే చెప్పనక్కరలేదు.

నరం దెబ్బతినే తీరులోనూ తేడాలున్నాయి. యుద్ధంలో గాయపడిన సైనికుల నరాలకు చికిత్స చేసిన ఇంగ్లండు శస్త్రవైద్యుడు హెర్బర్ట్ సెడన్ 1943లో ఈ దెబ్బలను మూడు రకాలుగా విడదీశాడు, ఆ విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి రకంలో నరం తెగదు. నలిగి, కొంతకాలం పనిచేయడం మాని, కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు కోలుకుంటుంది. రెండో రకంలో లోపలి పోగులు తెగుతాయి గాని వాటి పైనున్న తొడుగు నిలిచి ఉంటుంది, ఆ తొడుగు వెంట పోగులు మళ్ళీ పెరుగుతాయి. మూడో రకంలో తొడుగుతో సహా నరమంతా తెగిపోతుంది, ఆపరేషను చేసి అతికిస్తే తప్ప దానికి దారి దొరకదు. "అదే పోతుంది" అన్న మాట మొదటి రకానికి పూర్తిగా, రెండో రకానికి చాలావరకు సరిపోతుంది, మూడో రకానికి సరిపోదు. రోగికి మాత్రం మూడు రకాల్లోనూ తెలిసేది ఒకే మొద్దుతనం.

తెగిన పోగు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం పెరుగుతుంది. ఈ లెక్క ఒక్కటి రోగికి చెప్పినా ఎంతో బెంగ తగ్గుతుంది. ధవళేశ్వరం దగ్గర కాలవలకు నీళ్ళు వదిలిన రోజునే శివారు చేలకు నీరు అందదని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎక్కడ గండి పడిందో, అక్కడి నుంచి తన చేను ఎంత దూరమో చూసుకుని ఆయన నారుమడి వేళను లెక్కవేసుకుంటాడు. నరానికీ అలాంటి లెక్కే ఉంది. దెబ్బ చీలమండ దగ్గర తగిలితే అక్కడి నుంచి వేలి కొసకు పదిహేను, ఇరవై సెంటీమీటర్లు. కాబట్టి పోగులు అక్కడికి చేరడానికి అయిదు నుంచి ఏడు నెలలు పట్టడం సహజం. మోకాలి దగ్గర తగిలితే దూరం నలభై సెంటీమీటర్లకు పైమాటే, అంటే ఏడాది దాటుతుంది. ఆరు నెలలైనా బొటనవేలికి స్పర్శ రాలేదని మోకాలి దగ్గర నరం దెబ్బతిన్నవారు నిరాశపడనక్కరలేదు. అదే ఆరు నెలల్లో తిమ్మిరి సరిహద్దు ఒక్క వేలెడు కూడా జరగకపోతే, ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవడమూ సరికాదు. ఈ రెండు మాటల్లో ఏది తమకు వర్తిస్తుందో తెలియాలంటే మొదటి రోజుల్లో గీసిన గీత ఉండాలి.

నరం పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి వేలితో తట్టి చూసే పాత పరీక్ష ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1915లో ఫ్రాన్సులో జూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ ఎవరికి వారే దీన్ని గురించి రాశారు. తమ దేశాలు ఒకదానిమీద ఒకటి యుద్ధం చేస్తుండగా ఇద్దరు వైద్యులు గాయపడినవారి మంచాల పక్కన ఒకే విషయాన్ని కనిపెట్టడం నాకు ఎంతో గౌరవం కలిగించే సంగతి. నరం దారి వెంట చర్మం మీద మెల్లగా తట్టుకుంటూ వస్తే, పెరుగుతున్న పోగుల కొస ఉన్న చోట వేళ్ళ వైపు జివ్వుమని పాకుతుంది. నెలలు గడిచేకొద్దీ ఆ చోటు కిందికి జరుగుతూ ఉంటే అది మంచి సూచన. బొత్తిగా మొద్దుబారిన పాదంలో కొన్నాళ్ళకు సూదులు గుచ్చినట్టు, చిన్న షాకు కొట్టినట్టు ఉండడం మొదలైతే జబ్బు ముదిరిందని భయపడి మంచం దిగడం మానేసేవారు ఉన్నారు. చాలాసార్లు అది నరం మేలుకొంటున్నందుకు గుర్తు. అయితే కోత మచ్చ దగ్గర ఒకే చోట, ఎన్ని నెలలైనా కదలకుండా, చెప్పు పట్టీ తగిలితేనే షాకు కొడుతుంటే పోగులు అక్కడే చిక్కుపడి ముడిగా పెరిగి ఉండవచ్చు, దాన్ని డాక్టరుకు చూపించాలి.

ఇక కదలిక సంగతి. పాదం పైకి ఎత్తలేకపోవడం, నడిచేటప్పుడు వేళ్ళు నేలకు రాసుకోవడం, మెట్టు ఎక్కేటప్పుడు వేళ్ళు తట్టుకోవడం కనిపిస్తే అది వట్టి తిమ్మిరి కాదు. నరం అందని కండరం క్రమంగా క్షీణిస్తుంది, సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నర దాటాక నరం వచ్చి చేరినా అది మునుపటిలా పనిచేయడం కష్టం. అందువల్ల కదలిక పోయినవారికి గడువు చర్మం స్పర్శ పోయినవారికన్నా చాలా తక్కువ. కరెంటు పెట్టి నరం చురుకుదనాన్ని కొలిచే పరీక్ష దెబ్బ తగిలిన వెంటనే చేస్తే అన్నీ సరిగా ఉన్నట్టు తప్పుదోవ పట్టించవచ్చు, ఎందుకంటే తెగిన చోటుకు దిగువనున్న పోగులు పూర్తిగా క్షీణించడానికి కొంతకాలం పడుతుంది. మూడు వారాల తరవాత చేస్తే ఫలితం నమ్మదగినదిగా ఉంటుంది. మూడు నెలలు గడిచినా కోలుకునే జాడ లేకపోతే నరాల శస్త్రచికిత్స తెలిసినవారి దగ్గరకు పంపడం గురించి ఆలోచించాలి. కోనసీమ పల్లెల నుంచి ఇటువంటి పరీక్షకు కాకినాడో రాజమహేంద్రవరమో వెళ్ళవలసి రావచ్చు, కట్టుకాలుతో ఆ ప్రయాణం తేలిక కాదు. అయినా కదలిక పోయినవారు ఆ ప్రయాణాన్ని వచ్చే సంక్రాంతి తరవాతకని వాయిదా వేయకూడదు. ఈలోగా పాదం కిందికి వాలి బిగుసుకుపోకుండా ప్లాస్టిక్ ఆసరా తొడుక్కోవడం, రోజూ చేత్తోనో తువ్వాలుతోనో పాదాన్ని పైకి లాగడం అవసరం.

ఇంతవరకు చెప్పింది నెమ్మదిగా సాగే వ్యవహారం. గంటల్లో తేలిపోయే ప్రమాదం మరొకటి ఉంది. ఎముక విరిగిన మొదటి రెండు మూడు రోజుల్లో పిక్కలో వాపు పెరిగి, కండరాలను చుట్టి ఉన్న సాగని పొరల మధ్య ఒత్తిడి ఎక్కువైతే రక్తం అందక కండరాలూ నరాలూ చచ్చిపోతాయి. బిగుతు కట్ల కింద రక్తం అందక కండరాలు గట్టిపడి అవయవాలు వంకరపోతాయని జర్మనీ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ 1881లోనే రాశాడు. దెబ్బకు తగిన దానికన్నా ఎంతో ఎక్కువ నొప్పి, నొప్పి మాత్ర వేసినా తగ్గని నొప్పి, ఎవరైనా కాలివేళ్ళను మెల్లగా వంచినా చాపినా పిక్కలో ప్రాణం పోయేంత నొప్పి, బొటనవేలి పక్క సందులో తిమ్మిరి దీని లక్షణాలు. పాదం దగ్గర నాడి కొట్టుకుంటోంది కదా అని ఊరడిల్లకూడదు, నాడి పోవడం చాలా ఆలస్యంగా జరిగే సంగతి. ఆరు గంటలు దాటితే కండరం తిరిగి కోలుకోలేనంతగా దెబ్బతినవచ్చు. సిమెంటు కట్టయినా, వెదురుబద్దలు పెట్టి వేసిన పసరు కట్టయినా ఇది జరగవచ్చు. అటువంటప్పుడు కట్టును నిలువునా చీల్చి, లోపలి దూదినీ పట్టీనీ చర్మం కనిపించేదాకా విప్పాలి. అవసరమైతే వెంటనే ఆపరేషను చేసి పొరలను తెరవాలి.

మన ప్రాంతంలో ఈ సంగతికి ఇంకొక ముడి ఉంది. లంక గ్రామాల్లో ఉండేవారు రాత్రి పూట రేవు దాటలేరు, వరదల రోజుల్లో పగలు కూడా పడవలు ఆపేస్తారు. సఖినేటిపల్లి రేవులో గాని, కోటిపల్లి రేవులో గాని పంటు ఆగిపోయిన రాత్రి కాలు బిగుసుకుపోతే ఏం చేయాలన్న ప్రశ్నకు ఆ రాత్రి దొరికే జవాబు ఉండదు. కాబట్టి కాలికి కొత్తగా కట్టు వేయించుకున్న లంక మనిషిని ఆ రోజే ఇంటికి పంపకుండా, మొదటి రెండు మూడు రోజులు ఆసుపత్రి ఉన్న ఊళ్ళో చుట్టాలింట్లోనైనా ఉంచమని చెప్పాలి. ఈ మాట కట్టు వేసేవారు తమంతట తామే చెప్పాలని నేను గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే నొప్పిలో ఉన్న మనిషికీ, కంగారులో ఉన్న ఇంటివారికీ అది తట్టదు.

ఇప్పుడు ఇంటి సంగతికి వస్తాను. నరం తన వేగంతో పెరుగుతుంది, దాన్ని మనం తొందరపెట్టలేము. అది పెరిగేలోగా పాదాన్ని కాపాడుకోవడం మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంది, మన ఇళ్ళలో అన్నిటికన్నా తక్కువగా జరిగే పని కూడా అదే. తిమ్మిరి అనగానే మన పెద్దవారికి తోచే మొదటి మందు కాపడం. ఉప్పు మూటో, ఇసుక మూటో పెనం మీద వేడిచేసి పెడతారు, వావిలాకు మరిగించిన నీళ్ళలో పాదం ముంచమంటారు. స్పర్శ సరిగా ఉన్న కాలికి అవి హాయినిస్తాయేమో గాని, వేడి తెలియని పాదానికి పెడితే చర్మం కాలి బొబ్బ లేచేదాకా రోగికి తెలియదు. చల్లదనం తెలియని పాదం మీద ఐసుగడ్డ ఉంచినా ఇదే ప్రమాదం. కాపడం పెట్టాలని అంతగా అనిపిస్తే ముందు మోచేతితోనో, బాగున్న కాలితోనో వేడిని చూడాలి. నా మటుకు నేను మొద్దుబారిన చోట కాపడం అసలే వద్దంటాను.

చెప్పుల విషయంలో వచ్చే చిక్కు ఇంతకన్నా పెద్దది. "ఇంట్లో చెప్పులేంట్రా అబ్బాయ్, దేవుడి గది పక్కనే," అని మా మేనత్త బాధపడింది. ఆమె బాధ నాకు అర్థమైంది. గడప లోపల వట్టికాళ్ళతో తిరగడం మనకు పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు, దానిలో శుభ్రతా ఉంది, మర్యాదా ఉంది. అందుకని ఇంట్లోకి మాత్రమే ఉంచిన, వీధిలో ఎన్నడూ వాడని మెత్తని చెప్పుల జత ఒకటి వేరుగా కొన్నాం. దానితో ఆమె సమాధానపడింది. స్పర్శ లేని పాదానికి మంచం కోడు తగిలినా, వంటింట్లో కొబ్బరి పెంకు గుచ్చుకున్నా, చీపురు ఈనె దిగినా తెలియదు. పొలంలోకి వెళితే కోత అయిన చేలో వరి కొయ్యకాళ్ళు, దమ్ము చేసిన మట్టిలో నత్తగుల్లలు, రొయ్యల చెరువు గట్టు మీద గాజు పెంకులు, తుమ్మ ముళ్ళు ఉంటాయి. దాళ్వా నాట్ల వేళకు ఎముక అతికింది కదా అని బురదలో దిగే మనిషికి పాదం మొద్దుగా ఉందంటే, మోకాలి దాకా బూట్లు తొడుక్కోవాలి, లేదా ఆ పంటకు గట్టు మీదే ఉండి పని చూసుకోవాలి. వేసవి మధ్యాహ్నం ద్రాక్షారామంలో రాతి నేల మీద ప్రదక్షిణలు చేయాలనుకునేవారు తెల్లవారుజామునే వెళ్ళడం మేలు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థంలో ఆ జనసమ్మర్దంలో వట్టికాళ్ళతో నడిచి వచ్చినవారు ఇంటికి చేరగానే పాదాన్ని కడిగి, తుడిచి, వెలుగులో చూసుకోవాలి.

స్పర్శ పోవడం ఎంత హాని చేస్తుందో మన దేశంలోనే, వేలూరులోనే తేలింది. 1946లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠు రోగుల వేళ్ళు ఎందుకు అరిగిపోతున్నాయో ఏళ్ళ తరబడి పరిశీలించాడు. జబ్బు మాంసాన్ని తినేస్తోందని అందరూ అనుకునేవారు. నొప్పి తెలియకపోవడం వల్ల రోజువారీ పనుల్లో తగిలే కాలిన గాయాలు, కోతలు, ఒత్తిళ్ళు పేరుకుపోయి వేళ్ళు పోతున్నాయని ఆయన చూపించాడు. నేడు షుగరు రోగులు వాడే ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు అనే మెత్తని రబ్బరు) చెప్పులు కూడా కుష్ఠు రోగుల పాదాలను కాపాడడానికి మొదలైన అటువంటి కృషి నుంచి వచ్చినవే. కాలు విరిగి తిమ్మిరి మిగిలినవారిది కుష్ఠూ కాదు, షుగరూ కాదు. అయినా స్పర్శ లేనంతకాలం ఆ పాదానికి వర్తించే నియమం అదే: చర్మం చెప్పలేనిది కన్ను చూడాలి. రోజూ రాత్రి వేళ్ళ సందులు, మడమ, అరికాలు చూసుకోవాలి, వంగలేనివారు అద్దం పెట్టుకోవాలి, లేదా ఇంట్లో ఒకరిని చూడమనాలి. షుగరు ఉన్నవారికి ఆ పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి, నొప్పి మాత్రం అంతగా లేకపోతే అది చీము పట్టడమేనని అనుకుని ఊరుకోకూడదు. ఎముకలు లోపల నలిగిపోతున్నా అలాగే ఉంటుంది, కాబట్టి బరువు మోపడం ఆపి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

కుడిపాదం మొద్దుబారినవారికి మరొక హెచ్చరిక చెప్పాలి. మన మోటారుసైకిళ్ళకు వెనక బ్రేకు కుడికాలి కింద ఉంటుంది. పాదం పెడలు మీద ఉందో, పక్కన ఉందో, ఎంత బలంగా నొక్కుతోందో కిందికి చూడకుండా తెలియాలి. మన కాలవగట్ల మీద ఒకవైపు నీళ్ళు, మరోవైపు చేలు, ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరు వస్తుంటే కిందికి చూసే వ్యవధి ఉండదు. ఎముక అతికిన రోజునే బండి తీయవచ్చని అనుకునేవారు అంతకన్నా ముందు కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చుని, ఇంట్లో ఎవరినైనా తమ బొటనవేలిని పట్టుకుని పైకో కిందికో కదల్చమని, అది ఎటు కదిలిందో చెప్పగలరేమో చూసుకోవాలి. చెప్పలేకపోతే బండి ఇంకా కొంతకాలం వసారాలోనే ఉండాలి.

మందుల దుకాణంలో "నరాల బలానికి" అని అడిగితే ఇచ్చే మాత్రల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒంట్లో బి12 తక్కువగా ఉన్నవారికి, ముఖ్యంగా శాకాహారులకు, షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారికి, బి12 మేలు చేస్తుంది. రక్తపరీక్షలో ఆ లోపం తేలితే తప్పక వాడాలి. లోపం లేనివారికి అది తెగిన నరాన్ని అతికించదు. అటువంటి మాత్రల్లో చాలావాటిలో బి6 కూడా ఉంటుంది. దాన్ని ఎక్కువ మోతాదులో చాలాకాలం మింగితే అదే పాదాల్లో తిమ్మిరి తెస్తుంది. తిమ్మిరి పోవడానికి మింగుతున్నదే తిమ్మిరికి కారణమయ్యే పరిస్థితి రాకూడదంటే, ఎందుకు, ఎన్నాళ్ళు అన్న రెండు ప్రశ్నలు డాక్టరును అడగాలి.

తిమ్మిరికి బదులు మంట, వాపు, చర్మం రంగు మారడం, చెమట పట్టడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం ఉంటే అది వేరే వ్యాధి కావచ్చు. దానిలో కాలును కదపకుండా దాచుకునేకొద్దీ బాధ ఎక్కువవుతుంది. ముందుగా గుర్తించి, నొప్పికి తగిన మందు తీసుకుంటూ పాదాన్ని మెల్లగా కదిలించడం, దూది, నూలుగుడ్డ, తరవాత గరుకు తువ్వాలు ఇలా ఒకదాని తరవాత ఒకటి చర్మానికి అలవాటు చేయడం దీనికి పనికివచ్చే చికిత్సలో భాగం. "ఓర్చుకోలేని మనిషి" అని వీరిని ఇంటివారు విసుక్కోవడం నేను చూశాను. అది చాలా అన్యాయం.

దీనికంతటికీ ఎదురుగా ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఓపీ గది ముందు బారులు తీరిన జనం ఉండగా ఒక్కొక్కరి పాదాన్నీ దూదితో తాకి చూసే తీరిక డాక్టరుకు ఎక్కడిదని అడుగుతారు. తీరిక లేదన్నది నిజమే. కాని ఈ పని డాక్టరే చేయాలన్న నియమం లేదు. షుగరు రోగుల పాదాల కోసం ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ వైద్యులు 2011లో వెల్లడించిన పద్ధతిలో పరికరమే అక్కరలేదు. బొటనవేలి కొసను, మధ్యవేలి కొసను, చిటికెనవేలి కొసను ఒకటి రెండు క్షణాలు వేలితో మెత్తగా తాకి, తెలుస్తోందా అని అడగడమే ఆ పరీక్ష. కాలు విరిగినవారికి దానితోపాటు పాదం పైభాగం, బొటనవేలి పక్క సందు, రెండు అంచులు, అరికాలు, మడమ చూసి, వేళ్ళు పైకెత్తమని, కిందికి వంచమని చెబితే నిమిషాల్లో పూర్తవుతుంది. కట్టు కట్టే కాంపౌండరు గాని, వార్డులో నర్సమ్మ గాని దీన్ని చేయగలరు. ఆపరేషనుకు ముందు ఒకసారి, తరవాత ఒకసారి చేసి రాస్తే తిమ్మిరి దెబ్బ వల్ల వచ్చిందో, ఆపరేషను తరవాత వచ్చిందో కూడా తేలుతుంది. అది రోగికి ఎంత అవసరమో డాక్టరుకూ అంతే అవసరం, ఎందుకంటే ముందు రాసిన రాత లేనప్పుడు ఆపరేషనుకు ముందే ఉన్న తిమ్మిరికి కూడా మాట పడేది ఆయనే.

అందువల్ల నేను కోరేది ఒక్క కాగితం. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కార్డు వెనక రెండు పాదాల బొమ్మలు, పైభాగమూ అరికాలూ, అచ్చువేసి ఉండాలి. స్పర్శ లేని మేర అందులో గీతలతో నింపి, కదలిక ఉందో లేదో రాసి, తేదీ వేసి, చూసినవారు సంతకం చేయాలి. అంతవరకు రోగి తరఫువారే ఈ పని చేసుకోవచ్చు: పాదం మీద పెన్నుతో గీత గీసి, ఫోటో తీసి, నెలకొకసారి అదే వెలుగులో, అదే వైపు నుంచి మళ్ళీ తీసి, డాక్టరుగారి బల్ల మీద ఎక్స్‌రే పక్కన ఆ ఫోటోలను కూడా పెట్టాలి.